కాథలిక్ విశ్వవిద్యాలయాలలో సేవాభ్యసనం

సేవాభ్యసనం అనగా విద్యార్థులు తాము చదువుతున్న పాఠ్యాంశంలో భాగంగా సమాజానికి అవసరమైన ఒక పనిని చేసి, ఆ అనుభవాన్ని తరగతిలో చర్చించి, దాని ద్వారా విషయాన్ని నేర్చుకొనే బోధనా పద్ధతి. ఆంగ్లంలో దీనిని సర్వీస్ లెర్నింగ్ అంటారు. ఈ పద్ధతి 1960వ దశకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రూపుదిద్దుకొని, తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. అమెరికాలో 200కు పైగా కాథలిక్ కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వీటిలో చాలావాటిలో సేవాభ్యసనం ఏదో ఒక రూపంలో అమలులో ఉన్నది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో సేవాభ్యసనానికి సాధారణంగా పౌర బాధ్యతను పెంపొందించడం లక్ష్యంగా చెప్పబడుతుంది. కాథలిక్ విశ్వవిద్యాలయాలలో దీనికి మరొక లక్ష్యం తోడవుతుంది. సంస్థ తన ధ్యేయంగా ప్రకటించుకొన్న మత విలువలు విద్యార్థి చదువులోను, చుట్టుపక్కల ప్రజలతో సంస్థ మెలగే తీరులోను కనిపించాలన్నది ఆ లక్ష్యం. మతాన్ని పూర్తిగా పక్కన పెడితే ధ్యేయం కరపత్రాలకే పరిమితమవుతుంది. మతాన్ని రుద్దితే సేవ మతప్రచారానికి సాధనంగా మారుతుంది. ఈ రెండు ప్రమాదాల నడుమ సేవను, చదువును, ధ్యేయాన్ని ఎలా కలపాలన్నది దశాబ్దాలుగా చర్చనీయాంశంగా ఉన్నది. చేయవలసిన పనిని ఎవరు నిర్ణయిస్తారు, పని చేసిన తరువాత విద్యార్థిని ఏ ప్రశ్నలు అడుగుతారు అనే రెండు అంశాలపై ఈ కలయిక చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నిర్వచనం

సేవాభ్యసనానికి మూడు ముఖ్య లక్షణాలు ఉన్నాయి.

1. సేవ ఒక నిర్దిష్ట పాఠ్యాంశానికి చెందినదై ఉండాలి. దానికి మార్కులు లేదా క్రెడిట్లు ఉంటాయి. అయితే అవి సేవ చేసిన గంటలకు కాక, ఆ సేవ ద్వారా నేర్చుకొన్న విషయానికి ఇవ్వబడతాయి.
2. చేసే పని స్థానిక ప్రజలకు నిజంగా అవసరమైనది, వారు కోరినది అయి ఉండాలి.
3. పని జరుగుతున్నప్పుడు, ముగిసిన తరువాత కూడా విద్యార్థి దానిని గురించి క్రమపద్ధతిలో మననం చేయాలి. దినచర్య రాయడం, తరగతిలో చర్చ, వ్యాసరచన మొదలైనవి ఇందుకు మార్గాలు.

ఈ లక్షణాల వలన ఇది స్వచ్ఛంద సేవకు, వృత్తి శిక్షణకు భిన్నమైనది. స్వచ్ఛంద సేవలో ప్రధాన ప్రయోజనం సేవ పొందేవారికి చెందుతుంది. వృత్తి శిక్షణలో ప్రధాన ప్రయోజనం విద్యార్థికి చెందుతుంది. సేవాభ్యసనంలో ఇద్దరికీ సమానంగా ప్రయోజనం కలగాలన్నది ఉద్దేశం.

పుట్టుక, వికాసం

అనుభవం ద్వారా నేర్చుకోవాలన్న సిద్ధాంతానికి అమెరికన్ తత్త్వవేత్త జాన్ డ్యూయీ రచనలు మూలాధారంగా భావించబడతాయి. ఇతని గ్రంథాలలో డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్ 1916లోను, ఎక్స్‌పీరియన్స్ అండ్ ఎడ్యుకేషన్ 1938లోను వెలువడ్డాయి. సర్వీస్ లెర్నింగ్ అనే పదబంధం 1966-67 ప్రాంతంలో దక్షిణ రాష్ట్రాల విద్యామండలి కార్యక్రమాలలో రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సే అనే విద్యావేత్తల ద్వారా వాడుకలోకి వచ్చింది. సిగ్మన్ 1979లో ప్రచురించిన ఒక వ్యాసంలో దీనికి మూడు సూత్రాలను ప్రతిపాదించాడు. అందించవలసిన సేవను, దాని తీరును సేవ పొందేవారే నియంత్రించాలన్నది వాటిలో మొదటిది.

1985లో బ్రౌన్, జార్జ్‌టౌన్, స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయాల అధ్యక్షులు మరికొందరితో కలిసి క్యాంపస్ కాంపాక్ట్ అనే సమాఖ్యను స్థాపించారు. వీటిలో జార్జ్‌టౌన్ 1789లో ప్రారంభమైన కాథలిక్ విశ్వవిద్యాలయం. అప్పటి దాని అధ్యక్షుడు టిమోతీ హీలీ జెసూట్ గురువు. ఆ విధంగా ఈ ఉద్యమంలో కాథలిక్ సంస్థల పాత్ర మొదటి నుండి ఉన్నది. 1990, 1993 సంవత్సరాలలో అమెరికా ప్రభుత్వం చేసిన జాతీయ సేవా చట్టాల వలన సేవాభ్యసనానికి నిధులు లభించాయి. ఈ నిధులను అందించిన లెర్న్ అండ్ సర్వ్ అమెరికా పథకం 2011లో నిలిచిపోయింది.

మతపరమైన ధ్యేయానికి ఆధారాలు

కాథలిక్ విశ్వవిద్యాలయాలు తమ సేవాభ్యసన కార్యక్రమాలకు ఆధారంగా చర్చి సామాజిక బోధనను పేర్కొంటాయి. ఈ బోధన 1891లో పోప్ 13వ లియో వెలువరించిన రేరుమ్ నొవారుమ్ అనే విశ్వలేఖతో ఆధునిక రూపం దాల్చింది. కార్మికుల హక్కులు, న్యాయమైన వేతనం అందులోని ప్రధానాంశాలు. 1931లో పోప్ 11వ పయస్ వెలువరించిన విశ్వలేఖ మరొక సూత్రాన్ని స్పష్టం చేసింది. దాని ప్రకారం కింది స్థాయిలోని సమూహాలు తాము చేసుకోగల పనిని పై స్థాయి సంస్థలు లాగుకోరాదు. మానవ గౌరవం, ఉమ్మడి శ్రేయస్సు, సంఘీభావం, పేదలకు ప్రాధాన్యం అనేవి ఈ బోధనలోని ఇతర ముఖ్య సూత్రాలు.

విశ్వవిద్యాలయాలకు సంబంధించి ఈ క్రింది పరిణామాలు ముఖ్యమైనవి.

- 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ, చర్చి ఆధునిక ప్రపంచపు సంతోషాలను, దుఃఖాలను తనవిగా భావించాలని ప్రకటించింది. అదే మహాసభ మత స్వేచ్ఛను మానవ హక్కుగా గుర్తించింది.
- 1967లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు థియొడోర్ హెస్‌బర్గ్ ఆధ్వర్యంలో విస్కాన్సిన్‌లోని ల్యాండ్ ఓ లేక్స్ వద్ద వెలువడిన ప్రకటన, కాథలిక్ విశ్వవిద్యాలయాలకు స్వయంప్రతిపత్తి, విద్యా స్వేచ్ఛ అవసరమని పేర్కొన్నది.
- 1971లో జరిగిన బిషప్పుల సభ, న్యాయం కొరకు కృషి చేయడం సువార్త ప్రబోధంలో విడదీయరాని భాగమని ప్రకటించింది.
- 1990 ఆగస్టు 15న పోప్ 2వ జాన్ పాల్ జారీ చేసిన ఎక్స్ కోర్దె ఎక్లేసియె అనే శాసనం కాథలిక్ విశ్వవిద్యాలయ స్వరూపాన్ని నిర్దేశించింది. సామాజిక న్యాయం కొరకు సేవా భావాన్ని విద్యార్థులలో పెంపొందించడం ప్రతి కాథలిక్ విశ్వవిద్యాలయానికీ ముఖ్యమని ఇందులో ఉన్నది. ప్రతి ఒక్కరి అంతరాత్మ స్వేచ్ఛను పూర్తిగా గౌరవించాలని కూడా ఉన్నది.
- 2005లో పోప్ 16వ బెనెడిక్ట్ తన మొదటి విశ్వలేఖలో, దాతృత్వాన్ని మతమార్పిడికి సాధనంగా వాడరాదని స్పష్టం చేశాడు.

వీటిలో చివరి రెండు పత్రాలు సేవాభ్యసనానికి హద్దులను సూచిస్తున్నాయి. సేవ ధ్యేయంలో భాగమే. అయితే సేవ పొందేవారినిగాని, సేవ చేసే విద్యార్థినిగాని మత విషయంలో ఒత్తిడి చేయడం ఆ ధ్యేయానికే విరుద్ధం.

సన్యాస సంఘాల సంప్రదాయాలు

అమెరికాలోని కాథలిక్ విశ్వవిద్యాలయాలు ఎక్కువగా వివిధ సన్యాస సంఘాలచే స్థాపించబడ్డాయి. అందుచేత ధ్యేయం అనే మాటకు ఒక్కొక్కచోట ఒక్కొక్క ఛాయ ఉన్నది.

జెసూట్ సంఘాన్ని ఇగ్నేషియస్ లొయోలా స్థాపించగా, దానికి 1540లో పోప్ ఆమోదం లభించింది. ఈ సంఘపు అధిపతి పెడ్రో అరూపే 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో చేసిన ప్రసంగంలో, ఇతరుల కొరకు జీవించే మనుషులను తయారు చేయడమే జెసూట్ విద్య లక్ష్యమని చెప్పాడు. 1974-75లో జరిగిన సంఘపు 32వ మహాసభ, విశ్వాస సేవను, న్యాయసాధనను ఒకే ధ్యేయంగా నిర్ణయించింది. 1993లో వెలువడిన ఇగ్నేషియన్ బోధనా విధాన పత్రం సందర్భం, అనుభవం, మననం, ఆచరణ, మూల్యాంకనం అనే ఐదు దశలను సూచించింది. ఈ క్రమం సేవాభ్యసన క్రమానికి దగ్గరగా ఉండడం వలన జెసూట్ సంస్థలు ఈ పద్ధతిని సులువుగా స్వీకరించాయి.

విన్సెంషియన్ సంఘం ఫ్రాన్సుకు చెందిన విన్సెంట్ డి పాల్ 1625లో స్థాపించినది. పేదలకు చేసే సేవ క్రమబద్ధంగా, ఫలవంతంగా ఉండాలన్నది ఈ సంప్రదాయంలోని ముఖ్య భావన.

హోలీ క్రాస్ సంఘ స్థాపకుడు బాసిల్ మోరో, బుద్ధికి శిక్షణనిస్తూ హృదయాన్ని నిర్లక్ష్యం చేయరాదని తన విద్యా రచనలలో బోధించాడు. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం 1842లో ఈ సంఘంవారిచే స్థాపించబడింది.

కొన్ని ముఖ్య కార్యక్రమాలు

బోస్టన్ కళాశాల: ఈ జెసూట్ సంస్థలో పల్స్ కార్యక్రమం 1969లో ప్రారంభమైంది. ఇందులో చేరిన విద్యార్థులు ఏడాది పొడవునా తత్త్వశాస్త్రం, దైవశాస్త్రం చదువుతూ ప్రతి వారం కొన్ని గంటలు నగరంలోని ఆశ్రయ కేంద్రాలు, పాఠశాలలు మొదలైన చోట్ల పని చేస్తారు. న్యాయం అంటే ఏమిటని గ్రంథాలలో చదివిన ప్రశ్న, పని చేసే చోట ఎదురైన మనుషుల నుండి మళ్ళీ వారికి ఎదురవుతుంది. ఈ పాఠ్యాంశం డిగ్రీకి అవసరమైన తత్త్వశాస్త్ర, దైవశాస్త్ర క్రెడిట్లకు సరిపోతుంది.

నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం: ఇక్కడ సామాజిక అంశాల కేంద్రం 1983లో ఏర్పడింది. దీని స్థాపక సంచాలకుడు డాన్ మక్‌నీల్ అనే గురువు. వేసవిలో విద్యార్థులు ఎనిమిది వారాల పాటు సేవా సంస్థలలో పనిచేసి, చదివి, వ్యాసాలు రాసి దైవశాస్త్రంలో క్రెడిట్లు పొందే కార్యక్రమం ఈ కేంద్రానికి గుర్తింపు తెచ్చింది.

డిపాల్ విశ్వవిద్యాలయం: షికాగోలోని ఈ విన్సెంషియన్ విశ్వవిద్యాలయం 1898లో ప్రారంభమైంది. ఇక్కడ సేవాభ్యసన కేంద్రం 1998లో నెలకొల్పబడి, తరువాత దాతల కుటుంబం పేరిట స్టీన్స్ కేంద్రంగా పిలువబడుతున్నది. ఒక పేటలో ఏమేమి లేవు అని లెక్కించడానికి బదులుగా అక్కడి ప్రజలకు ఉన్న నైపుణ్యాలు, సంఘాలు, వనరులు ఏమిటి అనే ప్రశ్నతో పనిని ప్రారంభించడం ఈ కేంద్రపు పద్ధతి.

సాంటా క్లారా విశ్వవిద్యాలయం: కాలిఫోర్నియాలోని ఈ జెసూట్ సంస్థ 1851లో స్థాపించబడింది. ఎల్ సాల్వడార్‌లోని మధ్య అమెరికా విశ్వవిద్యాలయపు అధ్యక్షుడు ఇగ్నాసియో ఎల్లకురియా 1982లో ఇక్కడ స్నాతకోపన్యాసం చేశాడు. విశ్వవిద్యాలయం తన విజ్ఞానాన్ని అది అందనివారి పక్షాన నిలపాలని అందులో కోరాడు. 1989 నవంబరు 16న ఎల్లకురియాను, మరి ఐదుగురు జెసూట్లను, వారి నివాసంలో ఉన్న ఒక స్త్రీని, ఆమె కుమార్తెను ఎల్ సాల్వడార్ సైనికులు కాల్చి చంపారు. 1999లో సాంటా క్లారా విద్యార్థులు ఎల్ సాల్వడార్‌లో ఉంటూ, అక్కడి పేద ప్రజల మధ్య పనిచేస్తూ, ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకొనే కార్యక్రమం ప్రారంభమైంది. 2000 అక్టోబరులో జెసూట్ అధిపతి పీటర్ హాన్స్ కోల్వెన్‌బాఖ్ సాంటా క్లారాలో ప్రసంగిస్తూ, సంఘీభావం భావనల ద్వారా కంటే ప్రత్యక్ష పరిచయం ద్వారా అలవడుతుందని, విద్యార్థులు చివరకు ఎటువంటి మనుషులవుతారన్నదే జెసూట్ విశ్వవిద్యాలయాలకు కొలమానమని చెప్పాడు.

అమెరికా వెలుపల లాటిన్ అమెరికాలో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. చిలీలోని పాంటిఫికల్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో ఇది 2004 నుండి అమలులో ఉన్నది. అర్జెంటీనాలో 2002లో ఏర్పడిన క్లేస్ అనే సంస్థ, యూనిసెర్వితాతే అనే అంతర్జాతీయ కార్యక్రమం ద్వారా వివిధ ఖండాల కాథలిక్ విద్యాసంస్థలలో సేవాభ్యసనాన్ని స్థిరపరచడానికి తోడ్పడుతున్నది.

ధ్యేయంతో కలిపే విధానం

సేవను ధ్యేయంతో కలపడం సాధారణంగా మూడు స్థాయిలలో జరుగుతుంది. మొదటిది సంస్థ స్థాయి. సేవాభ్యసన కేంద్రం ఎవరి అధీనంలో ఉన్నదనే అంశం ఇక్కడ ముఖ్యం. అది చాపెల్‌కు అనుబంధంగా ఉంటే మత ప్రేరణ బలంగా ఉండి చదువుతో సంబంధం సన్నగిల్లవచ్చును. విద్యా విభాగానికి అనుబంధంగా ఉంటే దీనికి వ్యతిరేకంగా జరగవచ్చును. రెండవది పాఠ్యాంశ స్థాయి, అనగా ఏ విషయానికి ఏ సేవ తగినది అన్న నిర్ణయం. మూడవది మననం స్థాయి. ధ్యేయం విద్యార్థికి ప్రత్యక్షంగా ఎదురయ్యేది ఇక్కడే.

ఉదాహరణకు అమెరికాలో పలు విశ్వవిద్యాలయాల అకౌంటింగ్ విద్యార్థులు తక్కువ ఆదాయం గల కుటుంబాలకు ఆదాయపు పన్ను పత్రాలను ఉచితంగా పూర్తి చేసి ఇస్తారు. ఈ కుటుంబాలలో చాలామందికి చట్టప్రకారం పన్ను రాయితీ సొమ్ము రావలసి ఉంటుంది. ఈ పని పూర్తయిన తరువాత విద్యార్థిని మూడు విధాల ప్రశ్నలు అడగవచ్చును.

- విషయ సంబంధమైనది: ఈ కుటుంబానికి ఏ నిబంధన వర్తించింది? ఎందుకు?
- పౌర సంబంధమైనది: చట్టం ఇచ్చిన సొమ్మును పొందడానికి పేదవారు రుసుము చెల్లించి మధ్యవర్తిని ఆశ్రయించవలసిన పరిస్థితి ఎందుకు వచ్చింది?
- ధ్యేయ సంబంధమైనది: పూర్తి కాలం పనిచేసే వ్యక్తికి కుటుంబాన్ని పోషించుకొనేంత వేతనం రాకపోవడం న్యాయమేనా? రేరుమ్ నొవారుమ్ నాటి నుండి చర్చి చెప్పిన వేతన న్యాయానికి, ఈ పన్ను పత్రంలోని అంకెలకు సంబంధం ఏమిటి?

మొదటి ప్రశ్నతో ఆగిపోతే అది వృత్తి శిక్షణ అవుతుంది. రెండవ ప్రశ్న ఏ విశ్వవిద్యాలయంలోనైనా అడగదగినదే. మూడవ ప్రశ్న కాథలిక్ విశ్వవిద్యాలయం తన సంప్రదాయం నుండి అడిగేది. దీనికి సమాధానం చెప్పడానికి విద్యార్థి కాథలిక్ కానవసరం లేదు, ఆ బోధనతో ఏకీభవించనవసరమూ లేదు. ఒక హిందూ విద్యార్థి తన ధర్మ భావన నుండి, ముస్లిం విద్యార్థి జకాత్ భావన నుండి, ఏ మతమూ లేని విద్యార్థి తన నీతి నుండి దీనిని చర్చించవచ్చును. మతాన్ని దాచకుండా, రుద్దకుండా చదువులో ఉంచడానికి ఇది ఒక మార్గం.

చిక్కులు, విమర్శలు

పేదలు సాధనంగా మారడం: 1968లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, అప్పటికి కాథలిక్ గురువుగా ఉన్న ఇవాన్ ఇలిచ్, సేవ చేయడానికి వచ్చిన అమెరికన్ విద్యార్థుల సమావేశంలో ప్రసంగించాడు. మీ సదుద్దేశాలు ఈ గ్రామాలకు మేలు చేయవని, సేవకులుగా కాక చూసి నేర్చుకోవడానికి రమ్మని అతడు వారితో అన్నాడు. విద్యార్థి మనసు మారడానికి పేదవాని కష్టం ఒక పాఠ్య పరికరంగా ఉపయోగపడుతున్నదా అన్న ప్రశ్నను నేటికీ ఈ ప్రసంగం లేవనెత్తుతుంది. మానవ గౌరవాన్ని ధ్యేయంగా చెప్పుకొనే సంస్థకు ఇది మరింత తీవ్రమైన ప్రశ్న.

సంస్థల గొంతు వినిపించకపోవడం: 2009లో రాండీ స్టోకర్, ఎలిజబెత్ ట్రయన్ సంపాదకత్వంలో వెలువడిన ది అన్‌హర్డ్ వాయిసెస్ అనే గ్రంథం, విద్యార్థులను స్వీకరించే సేవా సంస్థల అభిప్రాయాలను వివరించింది. కొద్ది వారాలు మాత్రమే ఉండే విద్యార్థులకు శిక్షణ ఇవ్వడానికే తమ సమయం ఖర్చవుతున్నదన్నది వారి ఫిర్యాదులలో ఒకటి. పిల్లలతో పనిచేసే చోట సెమిస్టరు ముగియగానే విద్యార్థులు కనిపించకుండా పోవడం మరొక ఇబ్బంది. పనిని అది తాకే ప్రజలే నిర్ణయించాలన్న సిగ్మన్ సూత్రం, కింది స్థాయికి నిర్ణయాధికారం ఉండాలన్న కాథలిక్ సూత్రం ఇక్కడ ఒకే మాట చెబుతున్నాయి.

దానమా, న్యాయమా: డొమినికన్ సంస్థ అయిన ప్రావిడెన్స్ కళాశాలకు చెందిన కీత్ మోర్టన్ 1995లో రాసిన వ్యాసంలో దానం, ప్రాజెక్టు, సామాజిక మార్పు అనే మూడు రకాల సేవలను గుర్తించాడు. దానం తక్కువది, సామాజిక మార్పు గొప్పది అని మెట్లుగా చూడడం సరికాదని, ఏ రకమైనా నిండుగా లేదా పైపైన చేయవచ్చునని ఇతని వాదన. ఆకలిగా ఉన్నవానికి అన్నం పెట్టడాన్ని, ఆకలికి కారణాన్ని ప్రశ్నించడాన్ని కాథలిక్ సంప్రదాయం కూడా వేరుచేయదు.

తప్పనిసరి సేవ: శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం వంటి కొన్ని సంస్థలలో డిగ్రీకి ఇటువంటి ఒక పాఠ్యాంశం తప్పనిసరి. నిర్బంధించి చేయించిన సేవ ప్రేమతో చేసిన సేవ కాదని కొందరు విమర్శిస్తారు. గణితం వలె ఇది కూడా నేర్చుకోవలసిన విషయమేనని, ఐచ్ఛికంగా ఉంచితే ఇప్పటికే ఆసక్తి ఉన్నవారే చేరతారని సమర్థకులు సమాధానమిస్తారు.

అధ్యాపకుల సందేహం: కాథలిక్ విశ్వవిద్యాలయాలలో బోధించేవారిలో అనేకులు ఇతర మతాలవారు, మతం లేనివారు ఉంటారు. దైవశాస్త్రంలో శిక్షణ లేని ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు ధ్యేయ సంబంధమైన చర్చను నడపడానికి సంకోచించవచ్చును. ఇందుకొరకు పలు సంస్థలు అధ్యాపకులకు శిక్షణ తరగతులను నిర్వహిస్తున్నాయి.

పరిశోధన ఫలితాలు

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ ఆస్టిన్ బృందం 2000లో వెలువరించిన అధ్యయనం 22,236 మంది డిగ్రీ విద్యార్థుల వివరాలను పరిశీలించింది. పాఠ్యాంశంతో ముడిపడిన సేవ వలన చదువులోను, విలువలలోను, నాయకత్వంలోను మెరుగుదల కనిపించిందని, చదువు విషయంలో ఇది విడిగా చేసిన స్వచ్ఛంద సేవ కంటే ఎక్కువ ప్రయోజనం ఇచ్చిందని ఇందులో తేలింది. విద్యార్థులు తమ అనుభవాన్ని ఒకరితో ఒకరు చర్చించుకోవడం ఇందులో కీలకమని కూడా ఈ అధ్యయనం తెలిపింది. 1999లో జానెట్ ఐలర్, డ్వైట్ జైల్స్ రాసిన గ్రంథం కూడా మననం యొక్క ప్రాధాన్యాన్ని నొక్కి చెప్పింది. అయితే ఇటువంటి అధ్యయనాలు ఎక్కువగా విద్యార్థికి కలిగిన లాభాన్నే కొలుస్తాయి. స్థానిక ప్రజలకు ఏమి ఒరిగింది అన్న ప్రశ్నపై జరిగిన పరిశోధన తక్కువ.

భారతదేశంలో

భారతదేశంలో విద్యార్థుల సేవకు ప్రధాన వేదిక జాతీయ సేవా పథకం. ఇది గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో సుమారు 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైంది. ఇందులో చేరిన విద్యార్థి రెండు సంవత్సరాలలో 240 గంటల సేవ చేయవలసి ఉంటుంది. గ్రామాలలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. ఈ సేవ సాధారణంగా ఏదో ఒక పాఠ్యాంశానికి ముడిపడి ఉండదు కాబట్టి దీనిని సేవాభ్యసనానికి సమానంగా భావించలేము. 2020 జాతీయ విద్యా విధానం సమాజ సేవకు సంబంధించిన క్రెడిట్ పాఠ్యాంశాలను ఉన్నత విద్యలో చేర్చాలని సూచించిన తరువాత ఈ రెండింటి మధ్య దూరం తగ్గే అవకాశం ఏర్పడింది.

తెలుగు రాష్ట్రాలలో విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల, సికింద్రాబాదులోని లొయోలా అకాడమీ జెసూట్ సంస్థలు. భారతదేశంలోని కాథలిక్ కళాశాలలలో సాధారణంగా అన్ని మతాల విద్యార్థులు చదువుతారు. రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును ఇచ్చింది. 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థలలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధకు హాజరు కమ్మని నిర్బంధించరాదు. అందుచేత ధ్యేయాన్ని ప్రశ్నల రూపంలో చర్చకు పెట్టే పద్ధతి ఇక్కడ మరింత ఉపయోగకరమైనది. వేతనం, భూమి, నీరు, కులం వంటి విషయాలపై విద్యార్థి తన మతం ఏదైనప్పటికీ, శిబిరంలో తాను చూసిన దానిని ఆధారంగా చేసుకొని న్యాయాన్ని గురించి ఆలోచించగలడు.

మూల్యాంకనం

అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ ప్రారంభించిన సమాజ భాగస్వామ్య వర్గీకరణ 2006 నుండి అమలులోకి వచ్చింది. ఇందులో గుర్తింపు కోరే విశ్వవిద్యాలయాలు తమ ధ్యేయ ప్రకటనలో సమాజ భాగస్వామ్యానికి గల స్థానాన్ని వివరించవలసి ఉంటుంది. కాథలిక్ సంస్థలకు ఈ భాగాన్ని పూరించడం కష్టం కాదు. ఆ ప్రకటన ఆచరణలో ఉన్నదా అని తెలుసుకోవడానికి మరికొన్ని విషయాలను పరిశీలించవలసి ఉంటుంది. సేవ పొందే ప్రజలకు పనిని మార్చమని, వద్దని చెప్పే అధికారం ఉన్నదా, విద్యార్థులు వెళ్ళిపోయిన తరువాత కూడా పని కొనసాగుతున్నదా, ధ్యేయ సంబంధమైన ప్రశ్నను పరీక్షలోని ఇతర ప్రశ్నలంత శ్రద్ధగా అడుగుతున్నారా, విశ్వవిద్యాలయం తన సొంత కార్మికుల వేతనాలకు కూడా అదే ప్రశ్నను వర్తింపజేస్తున్నదా అనేవి వీటిలో ముఖ్యమైనవి.